ఆటల పీరియడ్ తీసేస్తే చదువు పెరుగుతుందా? పిల్లల వ్యాయామం, బుర్ర, హార్మోన్ల మీద చర్చ

వానచినుకు:
అందరికీ నమస్కారం. మా బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగో తరగతి. ఈ ఏడాది నుంచి బాబు క్లాసుకు ఆటల పీరియడ్ ఎత్తేసి ఆ టైమ్‌లో లెక్కల రివిజన్ పెట్టారు. స్కూల్ అయ్యాక ట్యూషన్, ఆ తర్వాత హోంవర్క్. పుస్తకం ముందు కూర్చుంటాడు, కళ్లు పేజీ మీదే ఉంటాయి, కానీ "ఏం చదివావురా" అంటే రెండు వాక్యాలు చెప్పలేడు. సెలవు రోజు పొద్దున కాసేపు ఆడి వచ్చాక మాత్రం అదే పాఠం గబగబా అప్పజెప్పేస్తాడు. ఇది నాకలా అనిపిస్తోందా, నిజంగానే ఆటకూ బుర్రకూ సంబంధం ఉందా?

ఇంకో సంగతి. ఇంట్లో పెద్దవాళ్లు "ఈ వయసులో మరీ ఎక్కువ ఆడితే హార్మోన్లు గాడి తప్పుతాయి, మగపిల్లలకు కోపం పెరుగుతుంది, బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుంది" అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గుండెచప్పుడు:
వానచినుకు గారూ, నేను పిల్లల డాక్టర్ని. ముందు మీ మొదటి ప్రశ్న. మీకు కనిపించింది ఊహ కాదు. అలాంటిదాన్ని ల్యాబ్‌లో కూడా చూశారు.

చార్లెస్ హిల్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. సుమారు తొమ్మిదిన్నరేళ్ల పిల్లలు 20 మంది. ఒక రోజు వాళ్లను ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలు నడిపించారు. పరుగు కాదు, గుండె వేగం గరిష్ఠంలో 60 శాతం దగ్గర ఉండే చురుకైన నడక. ఇంకో రోజు అదే పిల్లలను ఊరికే కూర్చోబెట్టారు. నడక రోజున గుండె వేగం మామూలు స్థితికి దగ్గరగా వచ్చేదాకా ఆగి, అప్పుడు పరీక్ష పెట్టారు.

ఆ పరీక్షలో స్క్రీన్ మీద ఒక వరుసలో ఐదు గుర్తులు వస్తాయి. మధ్యలో ఉన్నది ఎటు చూస్తోందో చెప్పి బటన్ నొక్కాలి. కొన్నిసార్లు ఐదూ ఒకే వైపు చూస్తాయి, అప్పుడు తేలిక. కొన్నిసార్లు మధ్యది కుడికి, పక్కవి నాలుగూ ఎడమకి చూస్తాయి. చెయ్యి ఎడమ బటన్ మీదకి పోబోతుంది, దాన్ని ఆపుకుని కుడిది నొక్కాలి. ఈ ఆపుకోవడమే అసలు పరీక్ష. నడిచాక పిల్లల జవాబులు ఎక్కువ సరిగ్గా వచ్చాయి. మెదడు తరంగాల రికార్డులో కూడా, ధ్యాస పెట్టినప్పుడు లేచే తరంగం పెద్దదిగా కనిపించింది. చదివి అర్థం చేసుకునే పరీక్షలోనూ మెరుగయ్యారు. లెక్కల్లో, స్పెల్లింగ్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వ్యాయామం చేసినప్పుడు నోరాడ్రినలిన్, డోపమిన్ లాంటి రసాయనాలు పెరుగుతాయి. నుదుటి వెనకున్న మెదడు భాగం వీటికి చాలా సున్నితంగా స్పందిస్తుంది. ధ్యాస నిలపడం, తొందరపాటును ఆపుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మారడం అన్నీ ఆ భాగం పనులే. మీ బాబు పేజీ మీద కళ్లు పెట్టి కూడా చదవలేకపోతున్నాడంటే తెలివి తక్కువై కాదు, ఆ భాగం అలిసిపోయి కావచ్చు.

హార్మోన్ల గురించి విడిగా రాస్తాను, అది పెద్ద విషయం.

ప్రశ్నార్థకం:
డాక్టరు గారు చెప్పిన అధ్యయనం మంచిదే, కానీ 20 మంది పిల్లలు. దాన్ని పట్టుకుని "ఆడితే మార్కులొస్తాయి" అని చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు కాబట్టి రెండో వైపు కూడా రాస్తున్నాను.

2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద జరిగిన 109 ప్రయోగాలు, 11 వేలకు పైగా మనుషులు, అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. పైపైన చూస్తే వ్యాయామం వల్ల ఆలోచనాశక్తికి చిన్న లాభం కనిపించింది. మంచి ఫలితాలొచ్చిన అధ్యయనాలే ఎక్కువగా అచ్చవుతాయి కదా, ఆ పక్షపాతం వంటివన్నీ సవరించి చూస్తే మిగిలింది దాదాపు ఏమీ లేదు.

పిల్లల మీద జరిగినవాటిలోనూ ఫలితాలు ఒక్కలా లేవు. స్పెయిన్‌లో బరువు ఎక్కువున్న 8 నుంచి 11 ఏళ్ల పిల్లలు 109 మందితో 20 వారాల ప్రయోగం చేశారు, 2022లో ప్రచురించారు. తెలివితేటల పరీక్షల్లో లాభం బాగానే కనిపించింది. చదువు ఫలితాల్లో మాత్రం చిన్న లాభమే వచ్చింది, మెదడు స్కాన్లలో మార్పు కనిపించలేదు.

నేను ఆటలకు వ్యతిరేకిని కాదు. మా పిల్లలు రోజూ ఆడతారు. కానీ మార్కుల ఆశ చూపించి ఆడిస్తే, మార్కులు రాని రోజున ఆట మాన్పించేస్తారు. నాకు ఆ భయం గట్టిగా ఉంది.

ఆటలమాస్టారు:
నేను స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఫలితాలు ఒక్కలా రాకపోవడానికి ఒక కారణం నాకు రోజూ మైదానంలోనే కనిపిస్తుంది. "ఆటల పీరియడ్" అని అందరూ అనేది ఒకటే, లోపల జరిగేవి మాత్రం వేరువేరు.

ఒక క్లాసులో 50 మందిని వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరినీ పిలిచి బంతి విసిరిస్తారు. ప్రతి పిల్లవాడూ పీరియడ్ మొత్తంలో ఒకటో రెండో నిమిషాలు కదులుతాడు. మిగతా టైమంతా ఎండలో నిలబడి ముందువాడి చొక్కా లాగుతుంటాడు. ఇది వ్యాయామం కిందకే రాదు. ఇంకో క్లాసులో ఐదేసి మందిని జట్లు చేసి, చిన్న చిన్న గళ్లలో ఆడిస్తారు. నేనైతే మధ్యలో విజిల్ వేసి నియమం మార్చేస్తాను: "ఇప్పటిదాకా కుడిచేత్తో పట్టారు, ఇక ఎడమచేత్తోనే." "ఎరుపు అంటే పరుగు, పచ్చ అంటే ఆగాలి." మొదటి నిమిషం గందరగోళం, అరుపులు. తర్వాత పిల్లల ముఖాలు చూడాలి, కళ్లు విప్పార్చి, ఒళ్లంతా చెవులు చేసుకుని ఉంటారు. ఆ క్లాసు తర్వాత వెళ్లే టీచర్లు "ఇవాళ చెప్పింది చెప్పినట్టు విన్నారు" అంటారు.

ఎడెల్ డైమండ్ అనే శాస్త్రవేత్త ఎన్నాళ్లుగానో చెబుతున్నది ఇదే. బుర్రకు పని లేని వ్యాయామం, అంటే ట్రెడ్‌మిల్ మీద పరుగు లాంటిది, మనసును అదుపులో పెట్టుకునే శక్తిని పెద్దగా పెంచదని, ఆలోచన, నైపుణ్యం, తోటివాళ్లతో కలిసి ఆడటం ఉంటేనే నిలిచే లాభం రావచ్చని ఆవిడ వాదన. హిల్‌మన్ వర్గం దీనికి ఒప్పుకోదు, పత్రికల్లో గట్టిగానే వాదించుకున్నారు. నా వరకు నేను డైమండ్ వైపు మొగ్గుతాను.

ప్రశ్నార్థకం:
మాస్టారూ, ఇది నాకు నచ్చింది. ప్రయోగాల్లో కూడా "వ్యాయామం" అనే ఒక్క పేరు కింద నడకా, బాస్కెట్‌బాలూ, తాడాటా అన్నీ కలిపి సగటు తీసేస్తారు. ఆ సగటులో ఏది పనిచేసిందో మాయమైపోతుంది.

రాత్రిబడి:
నేను లెక్కల టీచర్ని. వానచినుకు గారి బాబు స్కూల్లో ఆటల పీరియడ్ తీసుకున్నది నాలాంటివాళ్లే అయ్యుంటారు, కాబట్టి మా వైపు కూడా వినండి. సిలబస్ అవ్వదు. తల్లిదండ్రులు ఫోన్ చేసి "ఇంకో క్లాసు తీసుకోండి" అంటారే గానీ "ఆడించండి" అని అడిగినవాళ్లను నేను చూడలేదు. ఆటకు టైమ్ ఇస్తే చదువు వెనకబడదని ఎక్కడైనా రుజువైందా? అది చెప్పండి, హెడ్మాస్టరు గారి దగ్గర నేనే మాట్లాడతాను.

గుండెచప్పుడు:
రాత్రిబడి గారూ, దీనికి మాత్రం ధైర్యంగా జవాబు చెప్పొచ్చు. 1970లలో కెనడాలోని ట్రువా-రివియేర్ ప్రాంతంలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు రోజుకో గంట వ్యాయామం అదనంగా పెట్టారు. ఆ గంట కోసం పాఠాల సమయం సుమారు 13 శాతం తగ్గించారు. చదువు దెబ్బతినలేదు. 2016లో డెన్మార్క్‌లో 8 దేశాలకు చెందిన 24 మంది నిపుణులు కూర్చుని, అప్పటిదాకా ఉన్న ఆధారాలు చూసి ఒక ప్రకటన చేశారు, దాన్ని కోపెన్‌హాగన్ ప్రకటన అంటారు. పాఠాల సమయంలోంచి కొంత తీసి శారీరక శ్రమకు ఇస్తే చదువుకు నష్టం జరగదని అందులో స్పష్టంగా ఉంది.

ప్రశ్నార్థకం గారి హెచ్చరికను దీనికి కలిపి చూడండి. ఆట వల్ల మార్కులు తప్పకుండా పెరుగుతాయని చెప్పడానికి ఆధారాలు చాలవు. ఆట వల్ల మార్కులు తగ్గవని చెప్పడానికి మాత్రం సరిపోతాయి. స్కూళ్లలో పీరియడ్ తీసేసేది ఈ రెండో భయంతోనే కదా.

రాత్రిబడి:
అవును, ఆ భయంతోనే. థాంక్స్ డాక్టరు గారూ.

వానచినుకు:
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, చాలా సంతోషం. హార్మోన్ల సంగతి కూడా చెప్పండి. మా ఇంట్లో గొడవంతా దాని మీదే.

గుండెచప్పుడు:
ఒక్కో హార్మోన్ గురించి రాస్తాను. కాస్త పొడవవుతుంది.

కార్టిసాల్. దీన్ని ఒత్తిడి హార్మోన్ అంటారు కాబట్టి అందరికీ భయం. నిజానికి అది లేకపోతే పొద్దున మంచం మీద నుంచి లేవలేం. ఉదయం ఎక్కువగా, రాత్రికి తక్కువగా ఉండటం దాని సహజ లయ. తేలికపాటి వ్యాయామంలో అది పెద్దగా కదలదు. గట్టిగా పరిగెత్తినప్పుడు పెరుగుతుంది, విశ్రాంతి తీసుకున్నాక దిగిపోతుంది. ఇలా లేచి దిగడం ఆరోగ్యమే. రోజుల తరబడి దిగకుండా ఉండటమే ప్రమాదం, దానికి కారణం సాధారణంగా ఆట కాదు, నిద్రలేమి, భయం, ఎడతెగని ఒత్తిడి.

దీని మీద నాకు ఎంతో ఇష్టమైన అధ్యయనం ఒకటి ఫిన్లాండ్‌లో జరిగింది, 2013లో వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లలు 252 మంది. చేతికి కదలికలు కొలిచే పరికరం కట్టారు. తర్వాత వాళ్లను కొత్తవాళ్ల ముందు నిలబెట్టి ఒక కథ పూర్తి చేయమన్నారు, నోటిలెక్కలు చేయించారు. నోటి పరీక్షంటే పిల్లలకు ఎలా ఉంటుందో తెలుసు కదా. లాలాజలంలో కార్టిసాల్ కొలిస్తే, బాగా చురుగ్గా ఉండే పిల్లల్లో అది దాదాపు పెరగలేదు, పెరిగినా కొంచెమే. తక్కువ కదిలే పిల్లల్లో పెరిగింది. ఆడటం వల్లే అలా అయిందని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం, కానీ పరీక్షలంటే వణికే పిల్లల్ని రోజూ చూసే డాక్టరుగా నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను.

గ్రోత్ హార్మోన్. చురుకైన వ్యాయామం మొదలుపెట్టిన కొద్ది నిమిషాల్లోనే ఇది పెరగడం మొదలవుతుంది. అయితే రోజులో పెద్ద మోతాదు విడుదలయ్యేది రాత్రి, గాఢనిద్ర పట్టిన మొదటి గంటల్లో. దీని ప్రభావంతో కాలేయం ఐజీఎఫ్-1 అనే ఇంకో పదార్థాన్ని తయారుచేస్తుంది, ఎముకలు, కండరాలు పెరగడానికి అది అవసరం. ఒక ముఖ్యమైన మెలిక ఉంది. పిల్లల్ని ఒక్కసారిగా కఠిన శిక్షణలో పెట్టినప్పుడు మొదటి కొన్ని వారాల్లో ఐజీఎఫ్-1 తగ్గినట్టు కొన్ని అధ్యయనాలు చూపించాయి. అందుకే మోతాదు మెల్లగా పెంచాలి.

టెస్టోస్టిరాన్. మగపిల్లల్లో యవ్వన దశను నడిపించేది మెదడు నుంచి వచ్చే సంకేతాలు, ఆటలు కావు. గట్టి వ్యాయామం తర్వాత కాసేపు స్వల్పంగా పెరగొచ్చు, మళ్లీ మామూలుకి వస్తుంది. పదమూడేళ్ల పిల్లవాడికి కోపం వస్తోందంటే ఆ వయసే కారణం. ఆట మాన్పిస్తే ఆ కోపం వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది.

ఇన్సులిన్. యవ్వన దశలో ప్రతి పిల్లవాడికీ, ప్రతి ఆడపిల్లకీ శరీరం ఇన్సులిన్ మాట వినడం కొంతకాలం తగ్గుతుంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోంచి చక్కెరను లాక్కోగలదు. ఆ మేలు ఆట ఆపేశాక కూడా గంటల తరబడి ఉంటుంది. సరిగ్గా ఈ వయసులోనే పిల్లల్ని కుర్చీకి కట్టేస్తున్నాం, అది నాకు బాధగా ఉంటుంది.

ఎత్తు విషయం: సరైన పర్యవేక్షణలో చేసే బలం పెంచే వ్యాయామాల వల్ల ఎత్తు ఆగదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా ఈ మాటే చెబుతోంది. చూసేవాళ్లు లేకుండా మోయలేని బరువులెత్తి ఎముక చివర దెబ్బ తగిలించుకోవడం వేరే సంగతి, అది నిజంగా ప్రమాదమే.

పొద్దుటిపరుగు:
డాక్టరు గారూ, ఆడపిల్లల గురించి కూడా ఒక మాట రాయాలనిపించింది. నేను చదువుకునే రోజుల్లో దూరపు పరుగులు పరిగెత్తేదాన్ని. మా జట్టులో ఒకమ్మాయికి నెలల తరబడి నెలసరి రాలేదు. కోచ్ అది మంచిదే అన్నారు, "బాగా కష్టపడుతున్నావని అర్థం" అన్నారు. ఆ తర్వాత కాలి ఎముకలో సన్నని పగులు వచ్చి ఆ అమ్మాయి పరుగే మానేసింది. ఇప్పుడు నా కూతురు పరుగులో చేరింది, కాబట్టి అమ్మాయిల తల్లులందరికీ ఇది తెలియాలి.

గుండెచప్పుడు:
చాలా అవసరమైన మాట రాశారు. తినేది తక్కువై, ఖర్చయ్యేది ఎక్కువైతే శరీరం ముందుగా పొదుపు చేసేది సంతానోత్పత్తి హార్మోన్ల దగ్గర. ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, నెలసరి ఆగుతుంది, ఎముక పలచబడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరు పెట్టి ప్రకటన ఇచ్చింది, మగపిల్లలకు కూడా ఇది వస్తుందని అందులో చెప్పింది. శిక్షణలో ఉన్న అమ్మాయికి వరసగా మూడు నెలలు నెలసరి రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా డాక్టరుకు చూపించాలి. అది కష్టపడటానికి గుర్తు కానే కాదు. దీనికి మందు ఆట మానడం కాదు, ముందు తిండి సరిచేయడం, శిక్షణ కాస్త తగ్గించడం.

పదిలోఉన్నా:
నేను పదో తరగతి చదువుతున్నాను. పెద్దవాళ్ల మధ్యలో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను బ్యాడ్మింటన్ ఆడతాను. ట్యూషన్ల వల్ల సాయంత్రం కుదరదని ప్రాక్టీస్ తెల్లవారుజామున పెట్టారు. రాత్రి చదువు అయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఆడుతున్నప్పుడు బాగుంటుంది, కానీ రెండో పీరియడ్‌కి నిద్ర ఆగదు. ఆడితే ధ్యాస పెరుగుతుందని అందరూ రాస్తున్నారు, నాకు ఎందుకు పెరగట్లేదు?

ఆటలమాస్టారు:
తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. నీకు లోటు ఆట కాదు, నిద్ర. నీ వయసువాళ్లకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకైతే 9 నుంచి 12 గంటలు. పైగా ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. నీకు పదింటికి నిద్ర రాకపోవడం బద్ధకం కాదు, శరీరం తీరే అంత. అలాంటి పిల్లవాణ్ణి తెల్లవారుజామునే లేపితే, ఆట వల్ల వచ్చే లాభం నిద్రలేమి తినేస్తుంది. మీ కోచ్‌తో మాట్లాడు, వారంలో కొన్ని రోజులైనా సాయంత్రానికి మార్చమను. ఆయన వినకపోతే అమ్మానాన్నలను తీసుకెళ్లు.

ప్రశ్నార్థకం:
ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. "బీడీఎన్ఎఫ్ పెంచుకోండి, పిల్లల మెదడు ఎరువు" అని ఈ మధ్య ప్రచారం బాగా కనిపిస్తోంది. బీడీఎన్ఎఫ్ హార్మోన్ కాదు, నాడీకణాలను బతికించి, వాటి మధ్య బంధాలను గట్టిపరిచే ప్రోటీన్. 1982లో కనుక్కున్నారు. ఎలుకలు చక్రం మీద పరిగెత్తితే హిప్పోక్యాంపస్‌లో, అంటే జ్ఞాపకాలు నిలబెట్టే భాగంలో, ఇది పెరుగుతుందని బాగా రుజువైంది. కండరాల నుంచి వచ్చే ఐరిసిన్ అనే పదార్థాన్ని 2012లో గుర్తించారు, దానికీ బీడీఎన్ఎఫ్‌కీ లంకె ఉందని ఎలుకల్లో చూపించారు. బతికున్న పిల్లల మెదడులోంచి బీడీఎన్ఎఫ్‌ను కొలవలేం, రక్తంలోదే కొలుస్తాం, ఆ ఫలితాలు ఒకదానితో ఒకటి సరిపోలవు. దీని పేరు చెప్పి పొడులు, మాత్రలు అమ్మేవాళ్లను నమ్మకండి.

వానచినుకు:
ఇదంతా ప్రింట్ తీసి ఇంట్లో చదివి వినిపించాను. ఎత్తు, కోపం గురించి పెద్దవాళ్లు శాంతించారు. మా బాబు క్లాసు తల్లిదండ్రులం కొందరం కలిసి స్కూలుకు ఉత్తరం రాద్దామనుకుంటున్నాం. ఏం రాస్తే బాగుంటుంది?

రాత్రిబడి:
లోపలివాడిగా చెబుతాను. "ఆడితే మార్కులు పెరుగుతాయి" అని రాయకండి, వాళ్లు రుజువు అడుగుతారు, తర్వాత యూనిట్ టెస్ట్ ఫలితాలు చూపించి మళ్లీ తీసేస్తారు. పాఠాల టైమ్ కొంచెం తగ్గినా చదువు దెబ్బతినదని రాయండి, కోపెన్‌హాగన్ ప్రకటన పేరు చెప్పండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే కదలిక, వారంలో కనీసం మూడు రోజులు ఇంకా గట్టి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, అది కూడా చేర్చండి. ఎనిమిదో తరగతికి ఇప్పుడు స్కూల్లో ఎన్ని నిమిషాలు దొరుకుతున్నాయో రాసి, ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. లెక్కల రివిజన్‌కు వేరే టైమ్ కూడా మీరే సూచించండి. లేకపోతే ఆ భారం మళ్లీ ఏదో ఒక టీచరు మీద పడుతుంది.

ఆటలమాస్టారు:
దానికి ఇంకో వాక్యం కలపండి: పీరియడ్ పొద్దున మధ్యలో, కష్టమైన సబ్జెక్టుకు ముందు పెట్టమని. చాలా స్కూళ్లలో చివరి పీరియడ్‌కి తోసేస్తారు, ఆ రోజు ఏ మీటింగ్ వచ్చినా ముందు పోయేది అదే. పీరియడ్ తిరిగి వస్తే మీ బాబును ఒకటి అడుగుతూ ఉండండి, "ఇవాళ ఎంతసేపు కదిలావు, ఎంతసేపు నిలబడ్డావు" అని. జవాబులు బాగోకపోతే ఇక్కడ రాయండి, అంత పెద్ద క్లాసును కదిలించే ఆటలు కొన్ని నేను రాసిస్తాను. మీ పిల్లల వ్యాయామ ఉపాధ్యాయుడికి ఇవ్వండి.

వానచినుకు:
తప్పకుండా మాస్టారూ. ఉత్తరం ఇచ్చాక ఏమన్నారో ఇక్కడే రాస్తాను. పాప క్లాసుకు పనికొచ్చే ఆటలు కూడా ఉంటే ఇప్పుడే పంపండి, వాళ్ల టీచరు అడిగారు.